టార్గెట్ షూటింగ్ కోసం .22 పిస్టల్ లేదా రివాల్వర్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రేంజ్‌కి వెళ్ళి సరదాగా కాగితం టార్గెట్ల మీద కాల్చడానికి ఒక చిన్న క్యాలిబర్ (అంటే సన్నటి బుల్లెట్ కాల్చే) గన్ తీసుకోవాలనుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టా. లైసెన్స్ రూల్స్ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి ముందు అవి కనుక్కుని, మీకు ఏది అనుమతి ఉందో తేల్చుకున్నాకే మిగతాది చదవండి. వేట, ఆత్మరక్షణ గురించి ఇందులో ఏమీ లేదు, ఇది పూర్తిగా టార్గెట్ షూటింగ్ గురించే.

మొదటిది .22నే ఎందుకు తీసుకోవాలి, ఇంకొంచెం పెద్దది తీసుకుంటే ఏమవుతుంది?

ఉలిక్కిపాటు అలవాటవుతుంది. పెద్ద క్యాలిబర్‌తో మొదలుపెట్టినవాళ్ళు ఆ చప్పుడికి, గన్ వెనక్కి తన్నే ఆ తన్నుకి భయపడి పేలకముందే చేతిని కిందకి నొక్కేస్తారు, అది వాళ్ళకే తెలీదు, ఆ అలవాటు ఒకసారి పడితే పోగొట్టుకోడానికి నెలలు పడుతుంది. .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్, మామూలుగా వాడే .22 రౌండ్)లో తన్ను దాదాపు లేనట్టే కాబట్టి మీ తప్పు ఏదో మీకు స్పష్టంగా కనిపిస్తుంది. ఈ రౌండ్ 1887 నుంచి ఉంది, బుల్లెట్ మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. ఇది పిల్లల ఆట అనుకోకండి, ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్లు ఈ రౌండ్‌తోనే జరుగుతాయి, అంటే నేర్చుకునేవాడికీ మెడల్ కొట్టేవాడికీ రౌండ్ ఒకటే. చిన్నది కదా అని తేలిగ్గా కూడా తీసుకోవద్దు, గురి తప్పి పైకి పోయిన .22 బుల్లెట్ కిలోమీటరు దాటి పోగలదు, అందుకే వెనక గట్టి మట్టిగట్టు ఉన్న రేంజ్‌లో తప్ప ఎక్కడా కాల్చకూడదు.

పిస్టలా రివాల్వరా?

అందరూ మొదట అడిగేది ఇదే, నిజానికి జవాబు మీకు ఏ రకం షూటింగ్ ఇష్టం అనేదాని మీద ఉంటుంది.

సెమీ ఆటోమేటిక్ (కాల్చాక తర్వాతి రౌండ్ దానంతటదే ఎక్కే) పిస్టల్‌లో ప్రతి షాట్‌కీ ట్రిగ్గర్ ఒకేలా ఉంటుంది, మ్యాగజైన్‌లో సాధారణంగా 10 రౌండ్లు పడతాయి, టార్గెట్ మోడల్స్‌లో చాలావాటికి బ్యారెల్ కదలకుండా ఫ్రేమ్‌కి బిగించి ఉండి వెనకున్న బోల్ట్ మాత్రమే ముందుకీ వెనక్కీ కదులుతుంది, సైట్లు (గురి చూసుకునే ముందు, వెనక గుర్తులు) కూడా కదలని చోటే ఉంటే గురి ఇంకా నిలకడగా ఉంటుంది. వరసగా కాల్చే ప్రాక్టీస్ చెయ్యాలన్నా, ముందుముందు పోటీలకి వెళ్ళాలన్నా పిస్టలే సుఖం. కష్టమేంటంటే ఇది తిండి దగ్గర పేచీ పెడుతుంది, ఒక బ్రాండ్ రౌండ్లు హాయిగా తింటుంది, ఇంకో బ్రాండ్ వేస్తే రెండో షాట్‌కే జామ్ అవుతుంది.

రివాల్వర్‌కి ఆ పేచీ లేదు. రౌండ్ బలహీనమైనదైనా గట్టిదైనా, రౌండ్లు పెట్టే సిలిండర్ తిరుగుతుంది, ఒకటి పేలకపోతే తర్వాతది వస్తుంది. లోడెడ్‌గా ఉందో లేదో సిలిండర్ పక్కకి తీస్తే కంటికి కనిపిస్తుంది, అందుకే కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు నాకు రివాల్వర్ అంటే ఎక్కువ నమ్మకం. నెమ్మదిగా ఒక్కో షాట్ ఆస్వాదిస్తూ కాల్చే మనిషికి దీన్ని మించింది లేదు. కానీ బాగా కాల్చాక చాంబర్లలో (రౌండ్ కూర్చునే గొట్టాల్లో) మసి పేరుకుని ఖాళీ కేసులు బయటికి రావడానికి మొండికేస్తాయి. ఇంకోటి, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, పేలినప్పుడు అందులోంచి వేడి గ్యాస్, సీసం తునకలు పక్కలకి చిమ్ముతాయి, పిస్టల్ అలవాటుతో ఎడమచేతి వేళ్ళు ముందుకి చాచి పట్టుకుంటే కాలుతుంది, పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా తగలొచ్చు.

మొత్తానికి ఒకటే కొనగలిగితే, పోటీ ఆలోచన ఉంటే పిస్టల్, లేకపోతే రెండూ కాల్చి చూసి మనసుకి నచ్చింది.

సింగిల్ యాక్షన్, డబల్ యాక్షన్ అంటే ఏంటి?

సింగిల్ యాక్షన్ అంటే మీరే బొటనవేలితో హ్యామర్ (రౌండ్‌ని పేల్చడానికి దెబ్బ కొట్టే సుత్తి) వెనక్కి లాగాలి, ఆ తర్వాత ట్రిగ్గర్ కొంచెం నొక్కితే చాలు. డబల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ నొక్కుతుంటేనే సిలిండర్ తిరిగి, హ్యామర్ లేచి, పడుతుంది, అందుకే ఆ నొక్కు పొడుగ్గా బరువుగా ఉంటుంది. .22 రివాల్వర్లలో ఇది మరీ బరువు, ఎందుకంటే .22 రౌండ్‌కి పేలే మందు అడుగున అంచు చుట్టూ ఉంటుంది, ఆ అంచుని నలగ్గొట్టాలంటే గట్టి దెబ్బ కావాలి, గట్టి దెబ్బకి గట్టి స్ప్రింగ్ కావాలి. 5 కిలోల దాకా ఉండే నొక్కు కూడా మామూలే. ఒక కిలో పైచిలుకు బరువున్న గన్ మీద 5 కిలోలు నొక్కుతూ సైట్లు కదలకుండా చూడడం చాలా మంచి శిక్షణ, కాకపోతే మొదటి రోజు చెయ్యాల్సింది కాదు. డబల్ యాక్షన్ రివాల్వర్ కొంటే సింగిల్‌గా కూడా వాడుకోవచ్చు, ముందు అలాగే మొదలుపెట్టండి.

చేతికి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

నా దృష్టిలో మొత్తం ఎంపికలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే, అయినా ఎవరూ దీని మీద టైం పెట్టరు, ఫోటో చూసి కొనేస్తారు. ముందు గన్ ఖాళీగా ఉందని మీరు చూడాలి, అవతలివాళ్ళు కూడా చూడాలి, సురక్షితమైన వైపు తిప్పి ఇలా చెయ్యండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే వంపులో గ్రిప్ వెనక భాగం లోతుగా దిగాలి. అలా పట్టుకున్నప్పుడు బ్యారెల్, మీ మణికట్టు, మోచెయ్యి పైనుంచి చూస్తే ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెడితే మొదటి కణుపులో మెత్తటి భాగం మధ్యలోకి రావాలి. వేలి కొస మాత్రమే అందితే గ్రిప్ మీకు పెద్దది, కీలు దాకా దూరిపోతే చిన్నది. వేలు గ్రిప్ పక్కకి ఆనకుండా మధ్యలో సన్నటి ఖాళీ ఉండాలి, ఆనిందంటే నొక్కిన ప్రతిసారీ గన్‌ని పక్కకి తోస్తుంది.

ఆ తర్వాత అసలు పరీక్ష. కళ్ళు మూసుకుని, టార్గెట్ వైపు చెయ్యి సహజంగా లేపి, కళ్ళు తెరవండి. ముందు సైట్ వెనక సైట్ గాడి మధ్యలో, ఇంచుమించు ఒకే ఎత్తులో కనిపిస్తే ఆ గన్ మీ చేతికి పుట్టినట్టే. ప్రతిసారీ ముందు సైట్ పైకో కిందకో పోతుంటే గ్రిప్ కోణం మీది కాదు. కొన్ని మోడల్స్‌కి గ్రిప్ మార్చుకోవచ్చు, కోణం మాత్రం ఫ్రేమ్‌తో వచ్చేస్తుంది, దాన్ని మార్చలేం. పక్కవాడికి బ్రహ్మాండంగా ఉన్న గన్ మీకు ఉండకపోవచ్చు, చెప్పు సైజు లాంటిదే ఇది.

ట్రిగ్గర్ మంచిదా కాదా ఎలా చూడాలి?

బరువు ఒక్కటే చూడకండి. మొదట వదులుగా కదిలే భాగం అయిపోయాక ఒక గోడకి తగిలినట్టు ఆగాలి, అక్కడ్నుంచి గరగర ఈడ్చుకుంటూ రాకుండా టక్కున తెగాలి, తెగాక వేలు వెనక్కి పెద్దగా జారకూడదు. ఇలా శుభ్రంగా తెగే ఒకటిన్నర కిలో ట్రిగ్గర్, ఈడ్చుకుంటూ వచ్చే కిలో ట్రిగ్గర్ కంటే చాలా మెరుగు. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 25 మీటర్ల పోటీల్లో కనీసం 1000 గ్రాములు ఉండాలి, ఇంకా తేలిక చెయ్యడానికి వీల్లేదు. సొంతంగా విప్పి స్ప్రింగులు కోసే పని మాత్రం అస్సలు పెట్టుకోకండి, కింద పడితే పేలే గన్ తయారవుతుంది, పని తెలిసిన గన్‌స్మిత్‌కే ఇవ్వండి.

బ్యారెల్ ఎంత పొడవు ఉండాలి?

ఐదున్నర నుంచి ఆరు అంగుళాలు, చాలామందికి అదే సరి. పొడవు బ్యారెల్ అంటే బుల్లెట్ తిన్నగా పోతుందని అనుకుంటారు గానీ ఇక్కడ అసలు లాభం రెండు సైట్ల మధ్య దూరం. లెక్క చూడండి: సైట్ల మధ్య 150 మిల్లీమీటర్లు ఉన్న గన్‌లో మీరు అర మిల్లీమీటరు తప్పుగా సరిచూస్తే 25 మీటర్ల దగ్గర బుల్లెట్ 83 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అదే 220 ఉంటే 57 మిల్లీమీటర్లే పోతుంది. ప్రెసిషన్ టార్గెట్‌లో నడిమధ్య ఉండే 10 రింగ్ వెడల్పే 50 మిల్లీమీటర్లు, కాబట్టి ఆ తేడా ఎంతో మీకే అర్థమవుతుంది. అలాగని మరీ పొడుగుది తీసుకుంటే ముక్కు బరువెక్కి చెయ్యి వాలిపోతుంది.

బరువు ఎక్కువ ఉంటే మంచిదా తక్కువ ఉంటే మంచిదా?

సుమారు ఒక కిలో నుంచి కిలో పావు మధ్య బాగుంటుంది. బరువు కొంచెం ముందుకి ఉంటే వణుకు తగ్గుతుంది. షాపులో ఒక్కసారి ఎత్తి బాగుందనుకోకండి, చెయ్యి చాచి అర నిమిషం పట్టుకుని, దించి, మళ్ళీ ఎత్తి, ఇలా కొన్నిసార్లు చేస్తే నిజం తెలుస్తుంది. భుజం నొప్పి ఉన్నవాళ్ళు, వయసులో చిన్నవాళ్ళు అల్యూమినియం ఫ్రేమ్ మోడల్స్ చూడొచ్చు, రెండు చేతులతో కాల్చేవాళ్ళకి ఈ విషయం అంత పట్టింపు కాదు.

మామూలు సైట్లా, రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైట్) పెట్టించుకోవాలా?

మొదలు మామూలు సైట్లతో, కానీ వెనక సైట్ పక్కలకీ పైకీ కిందకీ తిప్పుకునేలా ఉండాల్సిందే, ఫిక్స్‌డ్ సైట్లున్న గన్ టార్గెట్ పనికి వద్దు. ఎందుకంటే రౌండ్ బ్రాండ్ మారితే తగిలే చోటు మారుతుంది, అప్పుడు క్లిక్కులతో సరిచేసుకోవాలి. చూపు ముందు సైట్ మీద నిలిపి టార్గెట్ కొంచెం మసకగా కనిపించినా పట్టించుకోకుండా ఉండడం నేర్చుకోవాలి, ఇదే కష్టం.

నలభై దాటినవాళ్ళకి ముందు సైట్ మసకేస్తుంది, అప్పుడు రెడ్ డాట్ నిజంగా వరం, చుక్క, టార్గెట్ రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయి. కళ్ళ డాక్టర్ దగ్గర చేతి దూరానికి సరిపోయే అద్దాలు రాయించుకోవడం ఇంకో దారి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ పిస్టల్ ఈవెంట్లలో మాత్రం డాట్ ఒప్పుకోరు, ఓపెన్ సైట్లే. ఎటూ తేల్చుకోలేకపోతే, తర్వాత డాట్ బిగించుకునే రైలు పెట్టుకోవడానికి వీలున్న మోడల్ తీసుకోండి.

కొన్ని మోడల్స్ పేర్లు చెప్పండి?

రూగర్ కంపెనీ 1949లో మొదలైందే .22 పిస్టల్‌తో, ఆ వరసలో ఇప్పటి మార్క్ 4 2016లో వచ్చింది. పాతవాటిని విప్పితే మళ్ళీ బిగించడం పెద్ద పరీక్షలా ఉండేది, దీంట్లో వెనక ఒక బటన్ నొక్కితే విడిపోతుంది, నా ఉద్దేశంలో ఆ ఒక్క మార్పుకే కొత్తది తీసుకోవచ్చు. బ్రౌనింగ్ బక్ మార్క్ 1985 నుంచి ఉంది, దాని ట్రిగ్గర్ పెట్టెలోంచి తీసిన రోజు నుంచే బాగుంటుందని పేరు. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41 1957 నాటిది, ఆ ట్రిగ్గర్ ఒకసారి నొక్కినవాళ్ళు మర్చిపోరు, కాకపోతే రౌండ్ల విషయంలో కాస్త నాజూకు. అదే కంపెనీ విక్టరీ మోడల్ దానికంటే చాలా అందుబాటులో ఉంటుంది. రివాల్వర్లలో స్మిత్ అండ్ వెసన్ 617 బరువైంది, గట్టిది, ఎంత కాల్చినా అలిసిపోని రకం. పాత కౌబాయ్ స్టైల్ సింగిల్ యాక్షన్ కావాలంటే రూగర్ సింగిల్ సిక్స్, అది 1953 నుంచి ఉంది, తక్కువలో కావాలంటే 2019లో వచ్చిన రాంగ్లర్.

పేర్లు చూసి ఆగిపోకండి, పైన చెప్పిన చేతి పరీక్ష వీటన్నిటికీ వర్తిస్తుంది.

డైరెక్ట్‌గా ఒలింపిక్ రకం పిస్టల్ కొనేస్తే?

పార్డిని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటివాళ్ళు చేసే మ్యాచ్ పిస్టల్స్ అద్భుతం, అనుమానం లేదు. కానీ వాటి గ్రిప్ ఒక్క చేతికి అచ్చుపోసినట్టు ఉంటుంది, కింద అరచేతికి పలక ఉంటుంది, రెండు చేతులతో పట్టుకోవడం ఇబ్బంది, స్నేహితుడికి ఇచ్చి కాల్పించడం కూడా కుదరదు. ఐఎస్‌ఎస్‌ఎఫ్ లెక్కల్లో 25 మీటర్ల గన్ బరువు 1400 గ్రాములు, బ్యారెల్ 153 మిల్లీమీటర్లు, సైట్ల దూరం 220 మిల్లీమీటర్లు దాటకూడదు, మీరు కొనే మామూలు గన్ ఈ కొలతల్లో ఉంటే క్లబ్ పోటీలకి చాలావరకు సరిపోతుంది. కోచ్ దగ్గర క్రమంగా నేర్చుకుంటూ ఒంటిచేత్తోనే కాలుస్తానని నిశ్చయం ఉంటే తప్ప దీని జోలికి ఇప్పుడే వద్దు.

నాది ఎడమచెయ్యి, నాకు ఏది?

రివాల్వర్ ఎడమచేతికి కూడా బాగానే పనిచేస్తుంది, ఒక్క సిలిండర్ తీసే బటన్ మాత్రమే అవతలి వైపు ఉంటుంది. పిస్టల్స్‌లో సేఫ్టీ రెండు వైపులా ఉందా, ఖాళీ కేసు ఎటు ఎగురుతుంది చూసుకోండి, గ్రిప్‌కి బొటనవేలి పలక కుడిచేతి కోసం చేసి ఉంటే మార్పించుకోండి. చెయ్యి ఏదైనా ఆట నేర్చుకోవచ్చు అనడానికి హంగేరీ షూటర్ కారోలీ టకాచ్ ఉన్నాడు, 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోతే ఎడమచేత్తో నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ గోల్డ్ కొట్టాడు. చేతికంటే ముందు మీకు బలమైన కన్ను ఏదో చూసుకోండి, కుడిచేతివాళ్ళలో కూడా ఎడమకన్ను బలంగా ఉండేవాళ్ళు చాలామంది ఉంటారు.

ఏ రౌండ్లు వాడాలి, .22 మ్యాగ్నమ్ అయితే ఇంకా బాగుంటుందా?

స్టాండర్డ్ వెలాసిటీ రౌండ్లు, అవే. ఇవి శబ్దవేగం కంటే తక్కువలో పోతాయి, మెత్తగా ఉంటాయి, సాధారణంగా గ్రూపింగ్ (షాట్లన్నీ దగ్గరదగ్గరగా పడడం) బాగా వస్తుంది. కొన్ని సెమీ ఆటోలకి మాత్రం బోల్ట్ పూర్తిగా వెనక్కి పోవడానికి హై వెలాసిటీ కావాలి, మాన్యువల్ చూడండి. సీసీఐ, ఎలీ, ఎస్‌కే, ఇలా దొరికినవి తలా ఒక పెట్టె తెచ్చి పరీక్షించి, మీ గన్‌కి నచ్చింది కనపడగానే అదే ఎక్కువ తెచ్చిపెట్టుకోండి. ఖరీదైన గన్ కొని రౌండ్లకి డబ్బులేక నెలకొకసారి కాల్చేకంటే మామూలు గన్‌తో వారం వారం కాల్చేవాళ్ళు ఎక్కడికో పోతారు.

.22 మ్యాగ్నమ్ కాగితానికి అనవసరం, చప్పుడెక్కువ, ఖర్చెక్కువ, లాభం సున్నా. అది ఎల్‌ఆర్ చాంబర్‌లో పట్టదు కూడా. .22 షార్ట్ మాత్రం ఎల్‌ఆర్ రివాల్వర్‌లో పేలుతుంది, కానీ ఎక్కువ కాలిస్తే చాంబర్‌లో మసి రింగ్ కట్టి తర్వాత ఎల్‌ఆర్ సరిగా దిగదు, తోమి తీరాలి.

నొక్కితే పేలలేదు, ఏం చెయ్యాలి?

గన్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది, ఆలోపు గన్ ఇటు తిప్పి చూశారంటే ప్రాణం మీదకి వస్తుంది. అంతకంటే జాగ్రత్తగా ఉండాల్సింది పేలినా చప్పుడు నీరసంగా 'టప్' మన్నప్పుడు, బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుపోయి ఉండొచ్చు. ఇంకో షాట్ కాల్చొద్దు, పూర్తిగా అన్‌లోడ్ చేసి బ్యారెల్ ఖాళీగా ఉందని ఖాయం చేసుకున్నాకే మళ్ళీ.

ఇంట్లో ఖాళీ గన్‌తో ప్రాక్టీస్ చెయ్యొచ్చా?

డ్రై ఫైర్ చాలా గొప్ప ప్రాక్టీస్, కానీ .22లో అడిగి చెయ్యాలి. చాలా మోడల్స్‌లో రౌండ్ లేకుండా నొక్కితే ఫైరింగ్ పిన్ నేరుగా చాంబర్ అంచుని కొట్టి గాటు పెడుతుంది, ఆ తర్వాత రౌండ్లు దిగవు, రావు. మాన్యువల్‌లో ఫర్వాలేదని రాసుంటే సరే, లేకపోతే డమ్మీ రౌండ్లు వాడండి. ఆ గదిలో నిజం రౌండ్ ఒక్కటి కూడా ఉండకూడదు.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, .22లు త్వరగా అరగవు. చాంబర్ అంచు మీద ఇందాక చెప్పిన గాటు ఉందా, బ్యారెల్ మూతి అంచు దెబ్బతిన్నదా, లోపల తుప్పు గుంటలున్నాయా వెలుతురులో చూడండి. రివాల్వరైతే హ్యామర్ నెమ్మదిగా లాగుతూ ప్రతి చాంబర్‌కీ సిలిండర్ సరిగ్గా లాక్ అవుతుందో లేదో చూడండి, ముందుకీ వెనక్కీ బాగా ఊగితే వద్దు. పిస్టలైతే స్పేర్ మ్యాగజైన్లు ఇంకా దొరుకుతున్నాయా కనుక్కోండి, ఆగిపోయిన మోడల్స్‌తో వచ్చే చిక్కు అదే. 1973కి ముందు వచ్చిన రూగర్ సింగిల్ సిక్స్ లాంటి పాత సింగిల్ యాక్షన్లలో కిందపడితే పేలకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ బార్ ఉండదు, మార్పించకుండా వాడితే హ్యామర్ కింద చాంబర్ ఎప్పుడూ ఖాళీగా ఉంచాల్సిందే.

.22 కి కూడా చెవులు మూసుకోవాలా?

తప్పకుండా. పిస్టల్ బ్యారెల్ నుంచి .22 చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క షాట్‌తో కూడా చెవికి నష్టం జరగొచ్చు, పోయిన వినికిడి తిరిగి రాదు. మూసి ఉన్న రేంజ్‌లో లోపల ప్లగ్స్, పైన మఫ్స్ రెండూ పెట్టుకోండి. కళ్ళద్దాలు పక్కవాళ్ళ కేసులు ఎగిరొచ్చినా కాపాడేవి కావాలి. ఇంకా సీసం ఉంది, కాల్చాక చేతులు సబ్బుతో కడిగే దాకా తినొద్దు, తాగొద్దు, ఆ బట్టలతో చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దు.

ఇంటికొచ్చాక గన్ తాళం వేసి, రౌండ్లు వేరే చోట తాళం వేసి పెట్టండి. ఇంట్లో పిల్లలు లేరు కదా అనే మాట ఇక్కడ పనికిరాదు.

క్లీనింగ్ ఎంత తరచుగా?

.22 మసి ఎక్కువ చేస్తుంది, సెమీ ఆటో బోల్ట్ ముఖం, చాంబర్, రివాల్వర్ చాంబర్లు ప్రతిసారీ తుడవండి. బ్యారెల్ లోపల మాత్రం ఊరికే రాడ్ పెట్టి తోమొద్దు, మూతి అంచు పాడైతే గురి పాడైనట్టే.

రెండు గన్స్ నచ్చాయి, ఎలా తేల్చుకోవాలి?

రేంజ్‌లో రెండూ అద్దెకో, క్లబ్‌వాళ్ళనడిగో తీసుకోండి. ఒకే రౌండ్లు, ఒకే దూరం, మొదట్లో 10 లేదా 15 మీటర్లు చాలు. దీంతో 5, దాంతో 5, మార్చి మార్చి, ప్రతి ఐదుకీ వేరే టార్గెట్, వెనక గన్ పేరు, వరస నంబర్ రాసుకోండి. మీ బెస్ట్ టార్గెట్ చూసి నిర్ణయించొద్దు, అది ఎవరికైనా ఒకటి వస్తుంది. చెయ్యి అలిసిపోయాక చివర్లో కాల్చిన టార్గెట్లు పక్కపక్కన పరిచి, ఏ గన్‌తో షాట్లు తక్కువ చెదిరాయో చూసి, అది కొనండి.